3 కోట్లు, మార్చి 31 గడువు: యూనివర్సిటీకి క్లస్టర్ ప్లాన్ చేయడం ఎలా?

గది_నంబర్_14 (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా కాలంగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

కోస్తాలో ఒక రాష్ట్ర యూనివర్సిటీలో కెమిస్ట్రీ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. నా పని డీఎఫ్‌టీ లెక్కలు (పదార్థాల్లో ఎలక్ట్రాన్ల తీరును కంప్యూటర్లో లెక్కగట్టడం), దానికి క్వాంటమ్ ఎస్‌ప్రెసో అనే ప్రోగ్రామ్ వాడతాను. కంప్యూటర్ల గురించి నాకు తెలిసింది లాగిన్ అవడం, జాబ్ (మెషీన్ నడపాల్సిన ఒక లెక్క) పెట్టడం, అది మధ్యలో ఆగిపోతే ఎందుకు ఆగిందో తెల్లారేదాకా వెతుక్కోవడం, అంతే. పోయిన నెల మీటింగులో ఎవరో "మేడంకి లినక్స్ వచ్చు కదా" అన్నారు. ఆ ఒక్క ముక్కతో నన్ను కంప్యూటింగ్ ప్లానింగ్ కమిటీకి కన్వీనర్‌ని చేసేశారు.

ఒక కేంద్ర పథకం కింద 3 కోట్లు వస్తున్నాయి. మార్చి 31 లోపు ఖర్చు చేసి యూసీ (డబ్బు వాడినట్టు ధ్రువపత్రం) పంపాలి. ఇప్పటికి మూడు మీటింగులు అయ్యాయి. ఫిజిక్స్ వాళ్ళకు పెద్ద క్లస్టర్ (కలిసి పనిచేసే సర్వర్ల గుంపు) కావాలి. కంప్యూటర్ సైన్స్ వాళ్ళు 8 జీపీయూల (ఏఐ పనులకు వాడే ప్రాసెసర్ కార్డుల) సర్వర్ తప్ప ఇంకేదీ వద్దంటున్నారు. బయోటెక్ మేడం "మాకు మెమరీ, మెమరీ" అని రెండు సార్లు అని ఊరుకున్నారు. చివర్లో తెలుగు శాఖ మాస్టారు లేచి, తమ దగ్గర పాత పత్రికల స్కాన్లు రెండు బీరువాల నిండా సీడీల్లో ఉన్నాయని, వాటిలో మాటలు వెతుక్కునేలా చేయడానికి ఇందులో ఏమైనా వీలవుతుందా అని మొహమాటంగా అడిగారు. అందరూ నవ్వేశారు. నాకు నవ్వు రాలేదు. ఆ మీటింగ్ మొత్తంలో తనకు ఏం పని ఉందో చెప్పింది ఆయన ఒక్కరే.

ఒక డీలర్ వచ్చి "32 పెటాఫ్లాప్స్ ఏఐ సూపర్ కంప్యూటర్" అని రంగుల బ్రోషర్ ఇచ్చి వెళ్ళాడు. మా పెద్దలకు అది బాగా నచ్చింది. ప్రారంభోత్సవానికి ఎవరిని పిలవాలో కూడా ఆలోచించేస్తున్నారు.

నా భయం వేరు. 2012లో ఒక ప్రాజెక్టు డబ్బుతో కొన్న 16 నోడ్ల (సర్వర్ల) క్లస్టర్ మా బిల్డింగ్ కింది అంతస్తులో ఇప్పటికీ ఉంది. రెండేళ్ళు నడిచిందట. యూపీఎస్ బ్యాటరీలు పోయాయి, మార్చలేదు. నడిపే స్కాలర్ పీహెచ్‌డీ అయిపోయి వెళ్ళిపోయాడు. రూట్ పాస్‌వర్డ్ (మెషీన్ మీద పూర్తి అధికారం ఇచ్చేది) ఎవరికీ తెలియదు. ఇప్పుడు దాని మీద ఆన్సర్ షీట్ల కట్టలు పెట్టారు.

కంప్యూటర్ సెంటర్‌లో ముగ్గురున్నారు. వైఫై, అడ్మిషన్ల వెబ్‌సైట్, ఫలితాలు అన్నీ వాళ్ళే చూడాలి. ఫలితాల రోజు ఫోన్ ఎత్తే తీరిక కూడా ఉండదు వాళ్ళకు. ఈ కొత్త మెషీన్ కూడా వాళ్ళకే అప్పగిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

అసలు కొనాలా? పరమ్ మెషీన్లు (ప్రభుత్వ సూపర్ కంప్యూటర్లు) ఉన్నాయి, క్లౌడ్ ఉంది అంటున్నారు. కొంటే ఏం కొనాలి, ఎవరు నడపాలి? ఇలాంటిది దగ్గరుండి చేసినవాళ్ళు చెబితే మేలు చేసినవాళ్ళవుతారు. నాకైతే రాత్రిళ్ళు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

కొలాబ్_బాధితుడు

మేడం, నేను వేరే యూనివర్సిటీలో స్కాలర్‌ని. మా ల్యాబ్‌లో ఆరుగురం గూగుల్ కొలాబ్ (ఇంటర్నెట్‌లో జీపీయూ వాడుకోనిచ్చే సేవ) ఉచిత ఖాతాల మీద బతుకుతున్నాం. రాత్రి ట్రైనింగ్ పెట్టి పడుకుంటే పొద్దున్నకు సెషన్ తెగిపోయి ఉంటుంది.

మా క్యాంపస్‌లోనూ ఒక జీపీయూ సర్వర్ ఉంది. అది ఒక ప్రొఫెసర్ గారి గదిలో, ఆయన తాళం కింద ఉంటుంది. వాడాలంటే ఆయన పేపర్లో మన పేరు కాదు, మన పేపర్లో ఆయన పేరు ఉండాలి. మీరు ఏం కొన్నా సరే, దాన్ని ఏ శాఖకూ ఇవ్వకండి. నా అనుభవంతో చెప్పగలిగింది ఇంతే.

నోడ్_జీరో

మేడం, ఒక పరిశోధన సంస్థలో 19 ఏళ్ళు క్లస్టర్లు చూసుకున్నాను. పోయిన ఏడాదే రిటైర్ అయ్యాను కాబట్టి తీరిగ్గా, పొడుగ్గా రాస్తాను. ఓపిక పట్టండి.

ముందు ఆ బ్రోషర్ సంగతి తేల్చేద్దాం. బెంగళూరు ఐఐఎస్సీలో 2022లో పెట్టిన పరమ్ ప్రవేగ 3.3 పెటాఫ్లాప్స్ (టెరాఫ్లాప్ అంటే సెకనుకు లక్ష కోట్ల లెక్కలు, పెటాఫ్లాప్ అంటే వెయ్యి టెరాఫ్లాప్స్). దానికోసం ఒక పెద్ద హాలే ఉంది. మీ డీలర్ ఒక్క పెట్టెలో దానికి పదింతలు ఇస్తానంటున్నాడంటే ఎక్కడో తిరకాసు ఉండాలి కదా. ఆ 32 అనేది 8 హెచ్‌100 అనే జీపీయూ కార్డులకు, 8 బిట్ అంకెలతో, పైగా ఆ అంకెల్లో సగం సున్నాలేనని అనుకుని వేసిన లెక్క. న్యూరల్ నెట్‌వర్క్‌కి ఆ మాత్రం కచ్చితత్వం సరిపోతుంది. మీ డీఎఫ్‌టీకి 64 బిట్ అంకెలు కావాలి. 64 బిట్‌లో ఆ కార్డు ఒక్కోటి 34 టెరాఫ్లాప్స్, ఎనిమిదీ కలిపితే 272. టెన్సర్ కోర్లను (కార్డులో మాట్రిక్స్ లెక్కలకు వేరుగా ఉండే భాగాలను) కూడా పనిలో పెట్టగలిగితే దానికి రెండింతల దాకా వస్తుంది. మంచి మెషీనే, తీసిపారేయడం లేదు. కానీ బ్రోషర్లో అంటున్నది 32 వేల టెరాఫ్లాప్స్.

ఇంకో సంగతి. అందరూ "జీపీయూ" అని ఒకే మాట వాడేస్తారు. ఎల్‌40ఎస్ అని ఒక కార్డు ఉంది, హెచ్‌100తో పోలిస్తే చాలా చౌక. కంప్యూటర్ సైన్స్ పిల్లల ట్రైనింగ్‌కి, మీ తెలుగు మాస్టారి ఓసీఆర్‌కి (స్కాన్లలోని అక్షరాలను వెతకగలిగే టెక్స్ట్‌గా మార్చడానికి) బ్రహ్మాండంగా పనికొస్తుంది. 64 బిట్‌లో అది ఒకటిన్నర టెరాఫ్లాప్స్ కూడా ఇవ్వదు. దాని మీద మీ లెక్కలు పెడితే మామూలు సీపీయూనే నయం అనిపిస్తుంది. అందుకని కమిటీలో ఎవరైనా జీపీయూ అన్నారంటే "ఎన్ని బిట్ల పని?" అని అడగండి. సగం మంది జవాబు చెప్పలేరు, ఆ పూటకు గొడవ తగ్గుతుంది.

ఇప్పుడు అసలు సంగతి, కరెంటు. మీ 3 కోట్లలో వచ్చే మెషీన్లు అన్నీ కలిపి 20 కిలోవాట్లు లాగుతాయనుకుందాం. ఆ 8 జీపీయూల పెట్టె ఒక్కటే గరిష్ఠంగా 10 కిలోవాట్ల దాకా తీసుకుంటుంది, కాబట్టి ఇది ఎక్కువ అంచనా ఏమీ కాదు. 20ని 24తో, 365తో గుణిస్తే ఏడాదికి 1,75,200 యూనిట్లు. ఏసీలు, యూపీఎస్ నష్టం కలిపి ఇంకో 60 శాతం వేసుకుంటే 2,80,000 యూనిట్ల పైమాట. యూనిట్ 8 రూపాయలు అనుకుంటే ఏడాదికి 22 లక్షలు, ఐదేళ్ళకు కోటీ పన్నెండు లక్షలు. ఈ బిల్లు ఏ పథకమూ ఇవ్వదు, యూనివర్సిటీ జేబులోంచే పోవాలి. ఈ అంకె మీ ఫైనాన్స్ ఆఫీసర్‌కి టెండర్ ముందు చెప్పారా? చెప్పకపోతే మొదటి వేసవిలోనే "రాత్రిళ్ళు ఆపేయండి" అని సర్క్యులర్ వస్తుంది. నేను అలాంటి సర్క్యులర్ చూశాను. మూడు రోజులు నడవాల్సిన జాబ్‌ని రాత్రి ఆపితే పొద్దున్న మళ్ళీ మొదటికి వస్తుందని ఎంత చెప్పినా వాళ్ళకు ఎక్కలేదు.

20 కిలోవాట్ల కరెంటు అంటే 20 కిలోవాట్ల వేడి కూడా. ఒక టన్ను ఏసీ సుమారు మూడున్నర కిలోవాట్ల వేడి లాగుతుంది. అంటే ఆరు టన్నులు నికరంగా కావాలి, ఒకటి చెడిపోతే ఇంకొకటి అందుకునేలా దానికి జోడీ కూడా ఉండాలి. గోడకు బిగించే ఒకటిన్నర టన్ను స్ప్లిట్ ఏసీలు నాలుగు పెట్టి "అయిపోయింది" అనే చోట్లు చాలా ఉన్నాయి. అవి పడుకునే గదుల కోసం చేసినవి, ఏడాది పొడవునా ఆగకుండా తిరగడానికి కాదు.

మా దగ్గర ఇలాగే జరిగింది. మే నెల, ఆదివారం మధ్యాహ్నం. కరెంటు పోయి వచ్చింది. యూపీఎస్ మీద ఉన్న సర్వర్లు నడుస్తూనే ఉన్నాయి, ఏసీలు మాత్రం వాటంతట అవి తిరిగి ఆన్ కాలేదు. వాచ్‌మన్ దగ్గర తాళం చెవి ఉంది. కానీ "సార్ లేకుండా తీయొద్దు" అని రాసి కూడా ఉంది. ఆ కాగితం రాసింది నేనే. సాయంత్రం ఐదింటికి ఒక స్కాలర్ ఫోన్ చేసి "సార్, లాగిన్ అవడం లేదు" అన్నాడు. పెళ్ళి భోజనం మధ్యలో చెయ్యి కడుక్కుని పరిగెత్తాను. తలుపు తీస్తే పొయ్యి ముందు నిలబడినట్టు ఉంది. రెండు పవర్ సప్లైలు, పదకొండు డిస్కులు పోయాయి. ఆ రాత్రే ఒక చిన్న స్క్రిప్ట్ రాశాను. ఐదు నిమిషాలకోసారి ప్రతి నోడ్‌నీ లోపలికి పీల్చే గాలి ఎంత వేడిగా ఉందో అడుగుతుంది. 35 డిగ్రీలు దాటితే కొత్త జాబులు ఆపుతుంది, 40 దాటితే నోడ్లను వరసగా ఆపేస్తుంది. పాతిక లైన్లు కూడా ఉండదు. ఆ తర్వాత మూడు వేసవుల్లో నాలుగు సార్లు మెషీన్‌ని కాపాడింది. మీ ఏసీలు కరెంటు రాగానే వాటంతట అవే మొదలయ్యే రకమేనా అన్నది టెండర్లో ఒక లైను రాయండి. ఆ లైనుకి ఖర్చేమీ లేదు.

కేబుళ్ళు వచ్చే కన్నాలకు ఇనుప జాలీ కూడా వేయించండి. ఎలుకలకు ఫైబర్ పైతొడుగు అంటే ఎందుకో మహా ఇష్టం.

ఇక ఏం కొనాలన్నది. కమిటీలో "మీకేం కావాలి" అని అడగకండి. అందరూ పెళ్ళి మెనూ చెప్పినట్టు చెబుతారు. శాఖకు ఒక పూట వెళ్ళి ఒక్కొక్కరి పక్కన ఇరవై నిమిషాలు కూర్చోండి. "ఈ మధ్య మీరు నడిపిన ఆఖరి జాబ్ చూపించండి" అనండి. ఎన్ని కోర్లు (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు), ఎంత మెమరీ, ఎన్ని గంటలు, ఎంత సైజు ఫైళ్ళు వచ్చాయి. ఈ నాలుగూ రాసుకోండి. ఎక్కడ ఆగిపోయారో కూడా అడగండి. చూపించడానికి ఏ జాబూ లేనివాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళకు మెషీన్ కన్నా ముందు ట్రైనింగ్ కావాలి. మా దగ్గర 32 నోడ్లను వేగంగా కలిపే ఇన్ఫినీబ్యాండ్ స్విచ్‌కి మహా ఖర్చు పెట్టాం. నాలుగేళ్ళ తర్వాత స్లర్మ్ (జాబులను వరసలో పెట్టి నడిపే ప్రోగ్రామ్) లెక్కలు తీస్తే సగానికి పైగా జాబులు ఒక్క నోడ్ దాటలేదు. ఆ డబ్బుతో ఇంకా నోడ్లు వచ్చేవి. బయోటెక్ మేడం రెండు సార్లు అన్నారన్నారు చూడండి, ఆవిడ మాట వినండి. జీనోమ్ ముక్కలు అతికించే ప్రోగ్రాములకు నిజంగానే టెరాబైటు మెమరీ ఉన్న ఒక నోడ్ కావాలి. ఒక్కటి చాలు.

పరమ్ గురించి అడిగారు. జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్ 2015లో 4,500 కోట్లతో మొదలైంది. ఐఐటీ హైదరాబాద్‌లో పరమ్ సేవ, తిరుచ్చి ఎన్ఐటీలో పరమ్ పొరుళ్, ఇలా దేశమంతా పెట్టారు. బయటి యూనివర్సిటీల వాళ్ళు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. తప్పకుండా వాడుకోండి. పెద్ద జాబులు, వంద నోడ్లు కావాల్సినవి అక్కడికే పంపాలి. అయితే ఎప్పుడూ కమాండ్ లైన్ ముఖం చూడని పిల్లవాడిని సరాసరి అక్కడికి పంపితే మొదటి రోజే లాగిన్ నోడ్ మీద (అందరూ లోపలికి రావడానికి మాత్రమే ఉన్న మెషీన్ మీద) జాబ్ నడిపి ఖాతా పోగొట్టుకుంటాడు. మీ దగ్గర చిన్నది ఉంటే తప్పులన్నీ ఇక్కడ చేసి నేర్చుకుంటారు. ఇక్కడా స్లర్మే, అక్కడా స్లర్మే. జీపీయూలకైతే ఇండియా ఏఐ మిషన్‌లో అర్హులైన వాళ్ళకు 40 శాతం దాకా రాయితీ కూడా ఉంది, కంప్యూటర్ సైన్స్ వాళ్ళకు ఆ దారి చూపించండి. మామూలు క్లౌడ్ అయితే ఎప్పుడో ఒకసారి వాడేవాళ్ళకు బాగుంటుంది. రోజూ నడిచే పనికి, అందులోనూ నెల నెలా డాలర్ల బిల్లు కట్టడం మన ఆఫీసుల్లో ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు.

స్టోరేజ్ గురించి ఒక్క మాట. క్యోటో యూనివర్సిటీలో 2021 డిసెంబరులో బ్యాకప్ స్క్రిప్టులో పొరపాటు వల్ల 77 టెరాబైట్లు, సుమారు 3 కోట్ల 40 లక్షల ఫైళ్ళు చెరిగిపోయాయి. 14 పరిశోధన బృందాల పని అది. జపాన్‌లో, అంత పెద్ద యూనివర్సిటీలో. హోమ్ డైరెక్టరీకి (ఒక్కొక్కరి సొంత ఫోల్డర్‌కి) చిన్న కోటా పెట్టి దాన్ని మాత్రం వేరే బిల్డింగ్‌లోకి బ్యాకప్ తీయండి. స్క్రాచ్‌కి (జాబులు నడిచేటప్పుడు వాడే తాత్కాలిక స్టోరేజ్‌కి) బ్యాకప్ లేదని, 60 రోజులు ముట్టుకోని ఫైళ్ళు పోతాయని మొదటి రోజే సంతకం పెట్టించుకోండి. సంతకం పెట్టినా తిడతారు, అది వేరే విషయం.

మనుషుల గురించి రాయాలంటే ఇంకో ఇంత అవుతుంది. కనీసం ఇద్దరు ఉండాలి. ఒక్కరే ఉంటే వాళ్ళ పెళ్ళికో, మంచి ఉద్యోగానికో మీ క్లస్టర్ ఆగిపోతుంది. మీ 16 నోడ్ల కథ అదే కదా. ఫలితాల వెబ్‌సైట్ చూసే ముగ్గురికి మాత్రం దీన్ని అంటగట్టకండి. ఫలితాల రోజు రిజిస్ట్రార్ ఫోన్ ముందు మీ డీఎఫ్‌టీ ఎవరికీ గుర్తుండదు, ఉండకూడదు కూడా.

స్టోర్స్_సెక్షన్

నోడ్_జీరో గారు రాసినదానికి నా వైపు నుంచి కొంచెం కలుపుతాను. నేను పర్చేజ్ ఫైళ్ళు చూసేవాణ్ణి, టెక్నికల్ మనిషిని కాదు.

మేడం, ముందుగా మీ చేతిలో ఉన్నది 3 కోట్లు కాదు. సర్వర్ల మీద 18 శాతం జీఎస్టీ ఉంది. మూడు కోట్లలోంచి అది తీసేస్తే సరుక్కి మిగిలేది 2 కోట్ల 54 లక్షలు. పరిశోధన సంస్థలకు సర్టిఫికెట్ చూపిస్తే 5 శాతమే పడే రోజులు ఉండేవి, 2022 జులైతో అవి పోయాయి. ఇప్పటికీ పాత ఫైలు చూసి 5 శాతం అని ఎస్టిమేట్ వేసేవాళ్ళు ఉన్నారు.

రెండోది, మనుషులు. మీకు వచ్చేది బహుశా క్యాపిటల్ హెడ్ (పరికరాల లాంటివి కొనడానికే ఇచ్చే) డబ్బు. అందులోంచి జీతం ఇస్తే ఆడిట్‌లో దొరికిపోతారు. టెండర్లోనే "ఐదేళ్ళ సమగ్ర వారంటీ, మూడేళ్ళు రెసిడెంట్ ఇంజినీర్" అని పెడితే అది సరుకు ధరలో భాగం అవుతుంది. చాలాచోట్ల ఇలాగే చేస్తారు. కాకపోతే కంపెనీ వాళ్ళు ఆరు నెలలకో కొత్త కుర్రాణ్ణి పంపుతారు. అతని అర్హత, అనుభవం, మారిస్తే నెల రోజులు పాతవాడూ కొత్తవాడూ కలిసి ఉండాలన్న షరతు రాయండి. రూట్ పాస్‌వర్డ్ సీల్డ్ కవర్లో రిజిస్ట్రార్ ఆఫీసులో ఉండాలని కూడా రాయండి. నవ్వుకోవద్దు, మీ పాత క్లస్టర్‌కి అదే లేకపోయింది.

మూడోది ఎల్1. తక్కువ ధరకు ఇచ్చేవాడికే ఇవ్వాలి కాబట్టి స్పెసిఫికేషన్‌లో ఏది రాయకపోతే అది రాదు. మీ సొంత ఇన్‌పుట్ ఫైల్ ఒకటి టెండర్‌తో పాటు ఇచ్చి "ఇది ఒక నోడ్ మీద ఇన్ని నిమిషాల్లో పూర్తి కావాలి" అని పెట్టండి. బ్రోషర్ అంకెలతో వాదించే అవసరమే ఉండదు. ఆఖరి వాయిదా డబ్బు 72 గంటలు ఆగకుండా నడిపి చూపించాకే అని రాయండి. అన్నీ ఒకేసారి ఇచ్చేస్తే తర్వాత ఫోన్ ఎత్తరు.

ఇంకా మార్చి 31 గురించి. ప్రభుత్వ కొనుగోళ్ళ పోర్టల్ జెమ్‌లో బిడ్, టెక్నికల్ కమిటీ, ప్రైస్ బిడ్, ఆర్డర్, ఆ తర్వాత సరుకు రావడం. జీపీయూలు ఆర్డర్ పెట్టాక నెలల తరబడి రాని సందర్భాలు చూశాను. ఈ వారం స్పెసిఫికేషన్ మొదలుపెట్టకపోతే ఫిబ్రవరిలో ఆ డీలర్ బ్రోషర్‌నే జిరాక్స్ తీసి సంతకం పెట్టాల్సి వస్తుంది. అసలు ఆ బ్రోషర్ వాళ్ళు ఎదురుచూసేది దానికోసమే.

గది_నంబర్_14

ముగ్గురికీ చాలా థాంక్స్ అండి. మూడు వారాలు మాయమైపోయినందుకు ఏమీ అనుకోకండి, నోడ్_జీరో గారు చెప్పినట్టు తిరుగుతున్నాను.

41 మందిని కలిశాను. ఆఖరి జాబ్ చూపించమంటే 17 మంది చూపించారు. ఎక్కువమందివి 48 కోర్లలోపే. నాదీ అంతే అని ఒప్పుకుంటున్నాను. రెండు నోడ్లు నిజంగా కావాల్సినవాళ్ళు ఇద్దరు. ఫిజిక్స్ హెడ్ గారు తన గదిలోకి పిలిచి, తలుపు వేసి, "చెప్పకండి గానీ నేను జాబ్ పెట్టి నాలుగేళ్ళయింది" అన్నారు. ఆయన మీద గౌరవం పెరిగింది. కంప్యూటర్ సైన్స్‌లో ఒక కుర్ర లెక్చరర్ మాత్రం లెక్క రాసుకుని ఉన్నాడు. తన పిల్లలకు 48 జీబీ కార్డులు నాలుగు ఉంటే చాలునట, 8 హెచ్‌100లు అడగమన్నది పైవాళ్ళట.

తెలుగు మాస్టారి సీడీలు పదిహేను తీసుకొచ్చి నా లాప్‌టాప్‌లో టెస్సెరాక్ట్ అనే ఓసీఆర్ ప్రోగ్రామ్‌తో నడిపి చూశాను. 1950ల నాటి అచ్చు, కొన్ని పేజీల్లో ఒత్తులన్నీ ఎగిరిపోయాయి, కొన్ని బాగానే వచ్చాయి. ఆయన తన చిన్నప్పుడు చదివిన ఒక కథ పేరు కొట్టి, దొరికేసరికి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. వచ్చే మీటింగ్‌లో ఆయన ఓటు నాకే.

కరెంటు లెక్క ఫైనాన్స్ ఆఫీసర్‌కి చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఎలక్ట్రికల్ ఏఈని పిలిపించారు. ఆయన వచ్చి చూసి, మేం అనుకున్న గదికి వచ్చే కేబుల్ 20 కిలోవాట్లు మోయదని, పైన ఇప్పటికే రెండు ల్యాబులు దానిమీద ఉన్నాయని చెప్పారు. కొత్త లైన్ లాగాలంటే పానెల్ నుంచి మార్చాలి. ఆ పని ఈ 3 కోట్లలోంచి చేయొచ్చా అని పథకం వాళ్ళకు రాశాం. సైట్ తయారీకి కొంత వాడుకోవచ్చని జవాబు వచ్చింది, దేవుడి దయ.

ఇప్పుడు నా లిస్టు ఇది: సీపీయూ నోడ్లు ఎనిమిది, ఎక్కువ మెమరీ నోడ్ ఒకటి, నాలుగు ఎల్‌40ఎస్‌ల సర్వర్ ఒకటి, స్టోరేజ్, ఏసీలు, యూపీఎస్, కేబుల్ పని. 64 బిట్ జీపీయూ ఏదీ పెట్టలేదు. నాకే అన్యాయం చేసుకుంటున్నానా?

నోడ్_జీరో

చేసుకోవడం లేదు. మీ 48 కోర్ల జాబులు ఆ ఎనిమిది నోడ్ల మీద హాయిగా నడుస్తాయి. 64 బిట్ జీపీయూ కావాల్సిన రోజు పరమ్‌కి దరఖాస్తు పెట్టండి, అప్పటికి మీ దగ్గర చూపించడానికి లెక్కలు ఉంటాయి. ఎనిమిది నోడ్లలో ఒకటి తగ్గించి అయినా రెండో ఏసీ ఉంచండి. కమిటీలో ముందు కత్తిరించేది దాన్నే.

ఇంకొకటి. కొత్త మెషీన్ వచ్చేలోపు మీ పాత 16 నోడ్లలో నాలుగు బాగున్నవి ఏరి, ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టి రాకీ లినక్స్ (ఆపరేటింగ్ సిస్టమ్), ఓపెన్‌హెచ్‌పీసీ (క్లస్టర్ నడిపే సాఫ్ట్‌వేర్ల కట్ట), స్లర్మ్ మొదటినుంచీ వేయించండి. రాకీ 9 వేయండి. 10 వేయబోతే 2012 నాటి ప్రాసెసర్లు ఒప్పుకోవు. పాస్‌వర్డ్ పోయిందని బెంగ వద్దు, ఎలాగూ అంతా చెరిపేసి వేస్తారు. పాడైనా ఎవరూ అడగరు కాబట్టి భయం లేకుండా నేర్చుకుంటారు. సెంటాస్ 7 అనే పాత లినక్స్‌కి 2024 జూన్ 30తో అప్‌డేట్లు ఆగిపోయినా, మార్చే మనిషి లేక దానిమీదే ఇంటర్నెట్‌కి తెరుచుకుని ఉన్న క్లస్టర్లు నాకు తెలుసు. మీ పిల్లలు రెండు సార్లు తీసి వేశారంటే ఆ భయం పోతుంది. రెసిడెంట్ ఇంజినీర్ వచ్చిన రోజు అతను ఏం చేస్తున్నాడో వాళ్ళకు అర్థమవుతుంది కూడా.

కొలాబ్_బాధితుడు

మేడం, మీ దగ్గర బయటి స్కాలర్లకు ఖాతాలు ఇస్తారా? పేపర్లో మీ పేరు పెట్టమంటే పెడతాను, నాకు అలవాటే.

గది_నంబర్_14

పేరు అక్కర్లేదు తమ్ముడూ, వినియోగదారుల నియమాలు రాస్తున్నాను, అందులో ఒక ఆప్షన్ పెడతాను.

నోడ్_జీరో గారూ, మా ఇద్దరు ఎమ్మెస్సీ పిల్లలు రెడీగా ఉన్నారు. పాత క్లస్టర్ తలుపు తెరిచాం. ఆ ఆన్సర్ షీట్లు 2018 సప్లిమెంటరీవి. వాటిని కదిలించాలంటే పరీక్షల విభాగం అనుమతి కావాలట. లెటర్ పెట్టాను. సోమవారం వస్తామన్నారు.